గడియ ఉన్న గది

మస్కట్ చూడాలని మాకు నిజంగానే ఉండేది. ముత్రా కోట, సముద్రపు ఒడ్డు, పాత బజారు, అన్నీ. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత సంగతి విన్నాక ఎవరూ నమ్మరు.

నేను ఒమన్‌లో, బహ్లా అనే ఊళ్ళో నర్సుని. మా ఆయన షినాస్‌లో ఒక చేపల కంపెనీ ఐస్ ప్లాంటులో సూపర్‌వైజరు. పెళ్ళై ఆరేళ్ళు. ఇద్దరికీ ఒకే దేశంలో ఉద్యోగాలు, ఎంత అదృష్టం అని ఊళ్ళో అందరూ అంటారు. ఆ దేశానికి ఒక పక్కన నేను ముగ్గురు నర్సులతో క్వార్టర్‌లో, ఇంకో పక్కన ఆయన ఐదుగురు మగవాళ్ళతో కంపెనీ రూమ్‌లో ఉంటామని ఎన్నిసార్లు చెప్పినా వాళ్ళ చెవికెక్కదు.

నెలకోసారి కలుసుకునేది మస్కట్‌లోని అజైబాలో, అక్క ఇంట్లో. సొంత అక్క కాదు. నర్సింగ్ స్కూల్లో నాకు సీనియర్. నేను ఒమన్‌లో దిగిన రోజు ఎయిర్‌పోర్టుకి అన్నం క్యారియర్‌తో వచ్చిన మనిషి. మస్కట్‌లో ఒక హాస్పిటల్ ఓపీలో పని చేస్తుంది. భర్త, ఇద్దరు ఆడపిల్లలు, ఒకటే బెడ్‌రూమ్ ఉన్న ఫ్లాటు. గల్ఫ్‌లో మావాళ్ళకి ఒక పద్ధతి ఉంది. ఫ్యామిలీతో కాపురమున్నవాళ్ళ ఇల్లు అందరి ఇల్లు. తెలిసినవాళ్ళు ఊళ్ళో ఉండగా హోటల్లో దిగితే అది మన ఖర్చు కాదు, వాళ్ళకి అవమానం. వాళ్ళింట్లో చోటు లేదంట అని వచ్చే శుక్రవారం చర్చిలో ఆఖరి పాట అయ్యేలోపు అందరికీ తెలిసిపోతుంది.

అక్క ఇంట్లో పడకల ఏర్పాటు ఎప్పుడూ మారదు. ఆడవాళ్ళు లోపల, మగవాళ్ళు హాల్లో. మంచం మీద గోడవైపు నేను, మధ్యలో చిన్నపిల్ల, ఈ చివర అక్క, కింద పరుపు మీద పెద్దపిల్ల. హాల్లో బావగారు, మా ఆయన, వాళ్ళ పక్కన ఆ వారం పని వెతుక్కుంటూ వచ్చినవాళ్ళెవరో. ఆరేళ్ళలో మేమిద్దరం ఈ దేశంలో మా చేతులతో గడియ పెట్టుకున్న గదిలో ఒక్క రోజు ఉండలేదు. నాకు ముప్ఫై రెండేళ్ళు. నా మొగుడితో ఒక్క పూట తీరిగ్గా పోట్లాడుకోవడానికి కూడా నాకు చోటు లేదు. ఈ మాట ఆయనతో ఫోన్లో అంటే, "హోటల్ చూస్తానుండు" అన్నారు.

అక్కడ మొదలైంది. రోజూ డ్యూటీ దిగేసరికి ఫోన్లో నాలుగైదు హోటళ్ళ బొమ్మలు వచ్చి ఉండేవి. ఆయన చూసేది రేటు. నేను చూసేది ఆ హోటల్ చర్చికి ఎంత దూరమో. రువీలో చవక గదులు చాలా ఉన్నాయి. కానీ మా చర్చి అక్కడే, గోంగూర దొరికే కొట్టు అక్కడే, మావాళ్ళందరూ జీతాలు రాగానే ఇంటికి డబ్బు పంపే దుకాణమూ అక్కడే. రువీలో దాక్కోవడమంటే పెళ్ళి పందిట్లో దాక్కోవడమే. అజైబా వైపు సరేసరి. మిగిలింది ముత్రా.

ముత్రాలో సముద్రం కనిపించే గదికి ఒక రేటు, కనిపించనిదానికి ఒక రేటు. రోజూ చేపల కంపుతో సహా సముద్రాన్ని ఊరికే చూస్తున్నాననీ, దానికి డబ్బు కట్టనుగాక కట్టననీ ఆయన. బహ్లాలో కొండలూ మట్టిగోడలూ తప్ప ఏమీ చూడని నా మొహం సంగతేమిటని నేను. మూడు రోజులు వాదించుకుని మధ్యరకం గది ఒకటి ఒప్పుకున్నాం. తర్వాత తెలిసింది, దాంట్లో బాత్రూం కిటికీలోంచి బాగా వంగితే ఒక పడవ కొస కనిపిస్తుంది. ఇదివరకు దిగినవాళ్ళెవరో ఏసీ చప్పుడు ఎక్కువని రాశారు. ఆయన వెనకాడారు. నాకు మాత్రం ఆ ఒక్క మాటతో ఆ గది నచ్చేసింది.

రోజు కూడా నేనే ఎంచాను. శుక్రవారం. అక్క క్వైర్‌లో పాడుతుంది, మధ్యాహ్నం దాకా చర్చిలోనే ఉంటుంది. ఈ వారం నాకు డ్యూటీ పడిందని అక్కకి చెప్పాను, షినాస్‌లో ఐస్ మెషిన్ పాడైందని ఆయన చెప్పారు. అబద్ధమాడినందుకు బాధ వేసిందా అంటే, వేసింది. కానీ సంతోషం ముందు అది ఎంతో సేపు నిలవలేదు.

శుక్రవారం రెండింటికి ముత్రాలో హోటల్ కౌంటర్ దగ్గర నిలబడ్డాం. ఆయన తల నున్నగా దువ్వుకుని వచ్చారు. నేను కొత్త చుడీదార్ వేసుకున్నాను. కౌంటర్‌లో మా బతాకాలు, అంటే ఇక్కడి గుర్తింపు కార్డులు, అడిగి తీసుకున్నారు. ఆ కౌంటరాయన రెండు కార్డులనీ పక్కపక్కన పెట్టి చూశాడు. రెండిట్లో రెండు కంపెనీలు, రెండు ఇంటిపేర్లు. నా చదువు కాగితాలన్నీ మా నాన్న ఇంటిపేరుతో ఉన్నాయి, పాస్‌పోర్టూ దాంతోనే ఉంది. పెళ్ళి కాగితం చూపించమని హిందీలో అడిగాడు.

మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆ కాగితం ఫొటో మా ఆయన పాత ఫోన్లో ఉండేది. ఆ ఫోను షినాస్ రేవులో నీళ్ళలో ఉంది. అసలు కాగితం, ఎప్పటికైనా ఫ్యామిలీ వీసాకి పనికొస్తుందని, రూముల్లో పెట్టుకుంటే పోతుందని, మేమే భద్రం చేయమని ఒకరికి ఇచ్చాం. ఎవరికిచ్చామో వేరే చెప్పాలా. అజైబాలో అక్క బీరువాలో ఉంది.

ఈ కౌంటరాయన దగ్గర ఎక్కువ వినయంగా ఉండక్కర్లేదులెమ్మని నేను మా ఆయన మీద తెలుగులో విసుక్కున్నాను. కౌంటరాయన మెల్లిగా తలెత్తాడు.

"నాది కడప మేడమ్. మా ఇంటామె పాస్‌పోర్టులో కూడా వాళ్ళ నాయన ఇంటిపేరే ఉండాది. నాకు తెలుసు. మా ఓనరుకి తెల్దు గదా."

ఫొటో అయినా చాలన్నాడు. చేసేదేముంది, ఆ కడపాయన ఎదుటే అక్కకి ఫోన్ చేశాను. చర్చి నుంచి అప్పుడే ఇంటికొచ్చి భోజనానికి కూర్చుందట. మా హాస్పిటల్ ఆఫీసులో పెళ్ళి కాగితం అడుగుతున్నారని, వెంటనే ఫొటో తీసి పంపమని, గొంతులో కంగారు కూడా కలిపి చెప్పాను. ఎప్పుడడిగారంది. ఇప్పుడేనన్నాను. అటువైపు కంచం పక్కకి జరిపిన చప్పుడు వినిపించింది.

"శుక్రవారం పూట ఏ ఆఫీసు తెరిచుందే?"

అక్క చర్చిలో ఉంటుందని శుక్రవారం ఎంచిన నేను, ఈ దేశంలో శుక్రవారం అందరికీ సెలవేనన్న సంగతి ఆ ఒక్క నిమిషం మర్చిపోయాను. కడపాయన రిజిస్టరులో మొహం దాచుకున్నాడు. అక్క ఇంక ఏమీ అడగలేదు, ఎక్కడున్నామో తప్ప. నేను నోరు తెరిచేలోపు మా ఆయన ఫోన్ లాక్కుని హోటల్ పేరు, వీధి, పక్కనున్న బేకరీ, అన్నీ చెప్పేశారు. భయపడితే ఆ మనిషి నిజాలే చెప్తారు.

వస్తున్నానని అక్క ఫోన్ పెట్టేసింది. ఆమె వచ్చేదాకా ముప్పావుగంటసేపు కౌంటర్ ముందున్న సోఫాలో కూర్చున్నాం. ఆయన ఒక కొసన, నేను ఒక కొసన. అక్క ఇక మాతో మాట్లాడదనుకున్నాను. ఈ దేశంలో నాకున్న ఒకే ఒక్క ఇల్లు ఒక గది మోజులో పోగొట్టుకున్నానని ఏడుపొచ్చింది. ఇంటికే పోదామా అన్నారు ఆయన. ఏ ఇంటికి అన్నాను.

అక్క చర్చికి కట్టిన పట్టుచీరలోనే వచ్చింది. ఒక చేతిలో ఫైలు, ఇంకో చేతిలో క్యారియర్. పార్కింగ్ దొరక్క బావగారు కారులో వీధి చుట్టూ తిరుగుతున్నారు. "వందనాలక్కా" అన్నాను. నా వైపు చూడకుండా పెళ్ళి కాగితం కౌంటర్ మీద పరిచింది. కడపాయన దాన్ని రెండువైపులా చూసి, ఏమీ ఎరగనట్టు తాళం చేతికిచ్చాడు. ఆ తాళం అక్క అందుకుంది.

గది తలుపు అక్కే తీసింది. వార్డు రౌండుకి వచ్చినట్టు దుప్పటి మూల ఎత్తి చూసింది, దిండు కుట్టు విడదీసి నల్లులున్నాయేమో వెతికింది, కుళాయి తిప్పింది. తర్వాత తలుపు మూసి, లోపలి గడియ వేసి, తీసి, మళ్ళీ వేసింది. గడియ మీద చెయ్యి అలాగే ఉంచింది. మా ఆయన పాపం బయట వరండాలోనే ఉండిపోయారు.

"దారంతా ఏడ్చుకుంటూ వచ్చానే, మా ఇంట్లో ఏం తక్కువ చేశానా అని," అంది. వచ్చి మంచం మీద కూర్చుంది. నేను నిజం చెప్పాను. తక్కువేమీ లేదు, ఎప్పుడూ మనుషులే ఎక్కువ అన్నాను. అక్క నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"మా ఇంట్లో గోడవైపు పడుకుంటావు కదా నువ్వు. అది ఎవరి చోటనుకున్నావే?"

ఆరేళ్ళలో ఒక్కసారి కూడా ఆ ఆలోచన నాకు రాలేదు. నెలకోసారి వచ్చేది నేనొక్కదాన్నే కాదు. ఒక వారం నేను, ఒక వారం ఇంకో నర్సు, ఒక వారం ఇంటర్వ్యూకి వచ్చినాయన భార్య. బావగారు మాత్రం ప్రతి వారమూ హాల్లోనే. నాకు గది లేకుండా చేసిన ఇల్లని మనసులో ఎన్నిసార్లు తిట్టుకున్నానో, ఆ గది నిజంగా పోగొట్టుకున్నది వాళ్ళు. సిగ్గుతో తలెత్తలేకపోయాను. అక్క చెయ్యి పట్టుకున్నాను. ఆ చేతికి చికెన్ కూర వాసన వస్తోంది.

కిందికి దిగాక అక్క నన్ను క్యారియర్ పట్టుకోమని కౌంటర్ దగ్గరికి వెళ్ళింది. వచ్చే శుక్రవారానికి గది ఉందా అని గొంతు తగ్గించి అడిగింది.

"ఎంతమందికి మేడమ్?" కడపాయన గొంతు ఏమాత్రం తగ్గించలేదు.

"ఇద్దరికే."

"వచ్చేటప్పుడు పెళ్ళి కాగితం తెచ్చుకోండి."

అక్క చెవులు ఎర్రబడ్డాయి. పదిహేనేళ్ళ కాపురంలో ఆ మనిషి సిగ్గుపడగా చూసింది నేనొక్కదాన్నే అయి ఉంటాను. కారెక్కుతూ నా వైపు తిరిగి, పిల్లల్ని నువ్వే చూసుకోవాలంది, ఎవరడిగినా డ్యూటీ అని చెప్పమంది.

మరి మస్కట్ చూశారా అని అడుగుతారేమో. చూశాం. కోటని కింద నుంచి చూశాం, బజారులో సాంబ్రాణి కొన్నాం, ఒడ్డున నడిచాం. బాత్రూం కిటికీలోంచి పడవ కొస చూశాం. గడియ మాత్రం దగ్గర నుంచి బాగా చూశాం.

మరుసటి శుక్రవారం నేను అజైబాలో ఉన్నాను. మా ఆయన హాల్లో, షినాస్ నుంచి తెచ్చిన కుర్చీకి కాళ్ళు బిగిస్తున్నారు. కింద పరుపు మీద పెద్దపిల్ల, మంచం మీద మధ్యలో చిన్నపిల్ల, అక్క చోటులో నేను కూర్చుని జడలు వేస్తున్నాను. గోడవైపు ఖాళీగా ఉంచాను. అమ్మేదని చిన్నది అడిగింది. డ్యూటీ అన్నాను. పెద్దది అద్దంలోంచి నన్నే చూసింది.

"శుక్రవారం ఓపీ ఉండదు కదా పిన్నీ."

మా ఆయన హాల్లో సుత్తి ఆపారు. ఈసారి నాకు అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"ఉండదమ్మా," అన్నాను. "అందుకే వెళ్ళింది."