దిండి పడవలో తొమ్మిది ఆయ్‌లు

బేరం కోసం పడవెక్కిన ఘనత మా వంశంలో నాదే. అమలాపురంలో మాది మూడు తరాల బట్టల కొట్టు. ధర కుదరకపోతే కొనేవాడు మెట్లు దిగుతాడు, మనం వెనక్కి పిలుస్తాం, బేరమంటే అంతే. పడవకు మెట్లుండవు కదా, అవతలివారు ఎక్కడికి పోతారని లెక్కేశాను. నేనూ దిగలేనన్న సంగతి గోదావరి మధ్యకు వెళ్ళాక తట్టింది.

అవతలివారు బెంగళూరు మాలతిగారు. హైదరాబాదులో మా పదకొండుమంది కంపెనీ, చిప్‌ను దాని కింది పలకకు అతికించే ముద్ద తయారుచేస్తుంది. ఆ ముద్దను గాలిబుడగ లేకుండా ఓవెన్‌లో గట్టిపరిచే పద్ధతి వాళ్ళ పెద్ద కంపెనీది. రెండూ కలిపి మెరుగుచేసి వేరే ఫ్యాక్టరీలకు లైసెన్సు ఇవ్వాలని ఉద్దేశం. కలిసి కనిపెట్టేది ఎవరిదన్న దగ్గర ఒప్పందం ఆర్నెల్లుగా ఆగింది. అదంతా వాళ్ళదైతే, రేపు మా ముద్ద చేసుకోవడానికి మేమే వాళ్ళకు రుసుము కట్టాలి.

ఉదయం ఆరుంబావుకు ఇద్దరం రాజమండ్రిలో హైదరాబాదు రైలు దిగాం. కారు వద్దని ఆర్టీసీ బస్సెక్కించాను. అమలాపురానికి ఇద్దరికీ రెండొందల ఇరవై. కొత్తపేటలో ఎక్కిన పెద్దావిడ మా సంగతి కనుక్కుంటే చిప్పుల పని అన్నాను.

“చిప్పలాండీ? మా అల్లుడుగారూ అదేనండి, కొబ్బరి చిప్పలు. నెలకెన్ని లారీలు ఎత్తుతారండీ?”

మా సరుకంతా అరచేతిలో పడుతుందని చెప్పాను. వ్యాపారం అంత చితికిపోయిందా అని జాలిపడ్డారు.

అమలాపురంలో పెసరట్టు ఉప్మా, నూట అరవై. మా కొట్టువైపు వెళ్ళలేదు. నాన్నగారు మాలతిగారికి చీర కట్టబెట్టకుండా వదలరు. రాజోలుకు బస్సు వంద, అక్కణ్ణించి దిండికి ఆటో మూడొందలు. పదకొండున్నరకు పడవ కదిలింది. ఆరువేలన్నదాన్ని అయిదున్నరకు దించాను. భోజనం విడిగా అని ఎక్కాక చెప్పారు.

మాలతిగారు ఒక్కో షరతూ చదువుతున్నారు, నేను ఆయ్ అంటున్నాను. మధ్యమధ్య ఆయ్ అనకపోతే మా వైపు గోడతో మాట్లాడినట్టుంటుంది. పండుగప్ప చేపల పులుసు వచ్చేవేళకు ఆవిడ కాయితాలు మూసి, తొమ్మిదీ ఒప్పుకున్నందుకు సంతోషమన్నారు. తొమ్మిదోది, కలిసి కనిపెట్టేదంతా వాళ్ళదే అన్నది. అన్నం ముద్ద చేతిలోనే ఉంది; ఫ్యాక్టరీ ముద్ద చేజారింది.

“నేనెప్పుడు ఒప్పుకున్నానండీ?”

“ప్రతిదానికీ ఆయ్ అన్నారు. నేను టిక్కు పెట్టుకున్నాను.”

వడ్డిస్తున్న వంటాయన సూరిబాబుగారు గరిటె ఆపేరు. “ఆయ్ అంటే మర్యాదండి, సంతకం కాదండి. పడవ ఖాళీ ఉందా అంటే ఆయ్ అంటాం. లేదని తర్వాత చెప్తామండి.”

మాలతిగారు నవ్వలేదు. టిక్కులన్నీ కొట్టేశారు. “అయితే మూడోదానికన్న ఆయ్ కూడా మర్యాదేనా?”

మూడోది, పరీక్ష యంత్రం వాళ్ళే కొనాలన్నది. అది నేను మనసారా అన్న ఆయ్. ఇప్పుడు చెబితే నమ్మేదెవరు?

ఒడ్డుకు ఇంకా మూడు గంటలు. మళ్ళీ మొదటినుంచి, ఈసారి అవుననో కాదనో. తొమ్మిదోదాని దగ్గర ఆవిడ అసలు సంగతి చెప్పారు: వెనకటి భాగస్వామి ఒకాయన ఇద్దరి కష్టాన్నీ పోటీవాళ్ళకు చెప్పకుండా అమ్ముకున్నాడట. ఎవరు లైసెన్సిచ్చినా రెండోవారికి ముందే చెప్పి, వచ్చినదాంట్లో సగం ఇద్దామన్నాను. ముద్ద మాది, ఓవెన్ పద్ధతి వారిది, విడదీయలేనిది ఇద్దరిదీ. ఆవిడ తొమ్మిదోది కొట్టేసి, నేనన్నది పక్కన రాసుకున్నారు.

“అవును,” అన్నారు. “కానీ యంత్రం ఖర్చూ ఇద్దరిదే.”

అవునన్నాను. ఆయ్ అనడానికి ధైర్యం చాలలేదు.

నాలుగున్నరకు ఒడ్డెక్కి, ఆటోలో చించినాడ వంతెన దాటి పాలకొల్లులో రైలందుకున్నాం. లాయర్లు చూడాల్సింది ఇంకా ఉంది; అయినా సోమవారం మొదటి పరీక్షకు ముద్ద పంపమని మావాళ్ళకు రైల్లోంచే ఫోను చేశాను. వెళ్ళేవారికి నా సలహా: పడవ బేరంలోనే భోజనం కలుపుకోండి.

ఇక లెక్క. రైలు రానూపోనూ ఇద్దరికీ నాలుగువేల నాలుగొందలు, బస్సులు మూడొందల ఇరవై, ఆటోలు ఏడొందల యాభై, టిఫిను నూట అరవై, భోజనం పద్నాలుగొందలు. పడవకు ఆరువేలని రాసి, కొట్టేసి, అయిదున్నర చేశాను. మొత్తం పన్నెండువేల అయిదొందల ముప్పై. మాలతిగారు సగం అక్కడే ఇచ్చేశారు. నా వంతు ఆరువేల రెండొందల అరవై అయిదు, ఆపైన భోజనానికి ముందు ఒక్క ఆయ్‌తో ఊరికే వచ్చిన పరీక్ష యంత్రంలో సగం ధర. మా ముద్దకు మేం కట్టాల్సిన రుసుము, సున్నా.