ఎన్నో ఎత్తు దగ్గర తప్పు

దమ్మపేట బస్టాండు పక్క వీధిలో ఉన్న రక్తపరీక్షల ల్యాబులో మరియ టెక్నీషియన్. ముప్పై ఎనిమిదేళ్లు. మిషన్‌లో రక్తం గొట్టాలు తిరిగేంతసేపూ వేరే పని ఉండదు కాబట్టి ఫోన్లో చదరంగం మొదలుపెట్టింది. రెండేళ్లు ఆడినా ఆట ఉన్నచోటే ఉండిపోయింది. వీడియోల్లో ఏ కొత్త ఓపెనింగ్, అంటే ఆట మొదట్లో వేసే ఎత్తుల వరస, కనబడితే అది నేర్చుకునేది. ఎదుటివాళ్లు వీడియోలో చూపించినట్టే ఆడితే గెలిచేది. ఒక్క ఎత్తు వేరుగా పడిందంటే ఏం చెయ్యాలో తోచక ఓడిపోయేది.

ఒకరోజు షుగరు పరీక్షకు వచ్చిన వెంకటరామారావు ఆమె ఫోన్లోకి తొంగిచూశాడు. ఆయన పామాయిల్ రైతు. డెబ్భై దాటాయి. వాళ్ల నాన్న కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి అడవి అంచున భూములు కొన్న కుటుంబం.

"ఆ గుర్రాన్ని అక్కడెందుకు పెట్టావమ్మా?"

"వీడియోల గట్లనే పెట్టిండు, సార్."

"ఎందుకు పెట్టాడో చెప్పాడా మరి?"

చెప్పలేదన్న సంగతి ఆమెకు అప్పుడే తట్టింది.

ఆ ఆదివారం చర్చి అయ్యాక మరియ ఆయన రమ్మన్న మీద ఆయన ఇంటికి వెళ్లింది. ఆయన వసారాలో చెక్క బోర్డు పరిచి చెప్పాడు. "తెల్లపావులకు ఒక ఓపెనింగ్, నల్లపావులకు రెండు. అంతే. ఏడాదిపాటు వేరేవి ముట్టుకోకు. ఓడిపోయినా మార్చకు. ఇద్దరి ఎత్తులూ పుస్తకంలో రాసి, ఎన్నో ఎత్తు దగ్గర తప్పావో గుర్తు పెట్టుకో."

తెల్లపావులకు ఆయన ఎంచి ఇచ్చింది చాలా నెమ్మదైన ఓపెనింగ్. ముందు మంత్రి ఎదుటి బంటు రెండు గళ్లు. తరవాత వాలుగా నడిచే ఒంటె బయటికి. ఆ తరవాతే రాజు ఎదుటి బంటు ఒక గడి. "ఒంటె బయటికి రాకుండా ఆ బంటు జరిపావో, గుమ్మం మూసేసినట్టే. ఆటంతా అది లోపలే పడుంటుంది" అన్నాడు. ఎదుటివాళ్లు ఏం ఆడినా ఈ మొదటి ఎత్తులు పెద్దగా మారవు. తనలాంటి మతిమరుపు మనిషికి ఇదే సరైనదని ఎంచాడు కాబోలు అనుకుంది మరియ.

ఎనిమిది నెలలు ఆదివారం తప్పకుండా వెళ్లింది, ప్రతివారం ఓడిపోయింది. కానీ ఫోన్లో ఆమె ఆట మెరుగుపడింది. ఎవరెలా ఆడినా కంగారు పడటం మానేసింది. తొమ్మిదో నెలలో ఒక ఆదివారం ఆయన్ని ఓడించింది. ఇంటికి వచ్చి వంట చేస్తున్నంతసేపూ ఆ ఆటే తలుచుకుంది.

తరువాతి వారం మళ్లీ గెలిచింది. ఆ తరువాతి వారం కూడా. అప్పుడు అనుమానం వచ్చి పుస్తకం తెరిచింది. మూడు ఆటల్లోనూ తెల్లపావులతో అదే ఓపెనింగ్ మొదలుపెట్టిన ఆయన ఒకే తప్పు చేశాడు. ఒంటె బయటికి రాకముందే రాజు ఎదుటి బంటు జరిపాడు. ఆమెకు మొట్టమొదట నేర్పిన సంగతి అదే.

ఆ వారంలోనే ఒక పొద్దున ఆయన ల్యాబుకు వచ్చి రక్తం ఇచ్చి వెళ్లాడు. గంట తరువాత మళ్లీ వచ్చి, పొద్దున్నుంచీ అసలు రానట్టే కుర్చీలో కూర్చుని చొక్కా చెయ్యి మడిచాడు. మోచేతి మడతలో ఆమె అంటించిన దూది అలాగే ఉంది. ఆయన ఆ దూది వంక చూసుకుని, చొక్కా చెయ్యి దించుకుని లేచి వెళ్లిపోయాడు.

ఆదివారం ఆమె బోర్డు ముందు కూర్చుంది కానీ పావు ముట్టుకోలేదు.

"రావుగారూ, మీరు నాకు గీ ఓపెనింగే ఎందుకు చెప్పిన్రు?"

ఆయన లోపలి గది వైపు చూశాడు. భార్య పద్మావతమ్మ వంటింట్లో ఉంది.

"నీ కోసం కాదమ్మా" అన్నాడు గొంతు తగ్గించి. "నలభై ఏళ్లు నేను ఆడిన ఓపెనింగ్ వేరు. దానికి పదిహేను, ఇరవై ఎత్తులు నోటికి రావాలి. రెండేళ్ల కిందట అవి మధ్యలో ఆగిపోవటం మొదలెట్టాయి. గుర్తుపెట్టుకోవాల్సింది తక్కువ ఉన్నదేదా అని వెతికి దీన్ని పట్టుకున్నాను. ఆవిడకి చెప్పకు."

మరియ చెప్పలేదు. ఆ తప్పు ఆమెది. నెల తిరక్కుండానే ఒక మధ్యాహ్నం ఆయన తన తోటలోనే దారి తప్పాడు. పామాయిల్ చెట్లు ఎటు చూసినా ఒకే వరస, ఒకే నీడ. ఆయన చేత్తో నాటించిన చెట్లే. గెలలు కొయ్యడానికి వచ్చిన సోమ్లి, తోట దాటి అడవి వాగు గట్టున కూర్చున్న ఆయన్ని చూసి ఇంటికి తీసుకొచ్చింది. కాళ్లకు చెప్పులు లేవు.

సాయంత్రం మరియ వెళ్లి పద్మావతమ్మకు అంతా చెప్పేసింది. "ఉప్పు రెండుసార్లు వేసుకుంటుంటే వయసని ఊరుకున్నాను" అంది పద్మావతమ్మ. ఆయన్ని ఖమ్మం ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఇది మతిమరుపు జబ్బని, తగ్గేది కాదని, మందులతో కొంత నెమ్మదింపజేయటమేనని డాక్టరు చెప్పాడు.

రెండు నెలలు ఆయన మరియతో మాట్లాడలేదు. తరువాత ఒక ఆదివారం ఫోన్ చేయించి రమ్మన్నాడు.

"నేనెక్కడ తప్పుతున్నానో నువ్వు రాయాలి" అన్నాడు. "తక్కువ చేసి రాయకు. గెలిపించకు."

"అవ్, రాస్త" అంది.

రాసింది. ఒక వారం తొమ్మిదో ఎత్తు, ఇంకో వారం పన్నెండు. అప్పుడు ఇద్దరికీ కాస్త ఊపిరాడేది. ఆ తరువాత ఏడు, ఏడు, ఐదు. ఆట అయ్యాక ఆయన ఎప్పుడూ ఒకటే అడిగేవాడు, ఎన్నో ఎత్తు దగ్గర అని. ఆమె అంకె చెప్పేది. ఆయన తల ఊపేవాడు. వానాకాలం వచ్చేసరికి మూడు.

ఆ నెలలో మరియ ఖమ్మంలో టోర్నమెంట్ ఆడింది. ఐదు ఆటల్లో మూడు గెలిచింది. ఆ మూడూ ఆయన నేర్పిన ఓపెనింగ్‌తోనే. ఆదివారం వెళ్లి చెబితే ఆయన సంతోషంగా విన్నాడు, ఎవరితో ఎలా ఆడిందో రెండుసార్లు చెప్పించుకున్నాడు. తరువాత బోర్డు తీసి పావులు పేర్చాడు. ఏనుగుల చోట గుర్రాలు నిలబెట్టాడు. రాజు ఎక్కడో బంట్ల మధ్య ఉన్నాడు.

"ఇవాళ ఎన్నో ఎత్తు దగ్గర?" అని అడిగాడు, ఆట అయిపోయిందనుకుని.

గుమ్మంలో నిలబడ్డ పద్మావతమ్మ మరియ ముఖం వైపు చూసింది.

"మొదటి ఎత్తుకు ముందే, రావుగారూ" అంది మరియ.

ఆయన బోర్డు మీదికి వంగి ఒక్కో గడి వేలితో తాకుతూ చూశాడు. చివరిదాకా చూశాడు. ఏది తప్పో ఆయనకు కనిపించలేదు.

"సరే. నువ్వే సర్దమ్మా" అన్నాడు.