అత్తమ్మ పలికింది

అంగన్‌వాడీలో కుర్చీ వేసినా డాక్టర్ జెస్సీ కూర్చునేది నేలమీదే. మోకాళ్లు పటపటమన్నా సరే, పిల్లల కళ్ల ఎత్తుకు దిగితే గానీ ఆమెకు పని సాగదు. కొప్పులో పెన్సిలు, సంచిలో గిలక్కాయ, వేయించిన చెనిక్కాయలు. ఆటిజాన్ని మూడేళ్లలోపే పసిగట్టే ప్రశ్నల పట్టిక ఒకటి తయారుచేసుకుని, కర్నూలు నుంచి వచ్చి మైదుకూరు చుట్టుపక్కల పల్లెలన్నీ రెండేళ్లుగా తిరుగుతోంది. పేరుపెట్టి పిలిస్తే బిడ్డ తిరిగి చూస్తుందా అన్నది అందులో మొదటి ప్రశ్న. ఆ రోజు బొమ్మలతో ఆడుతున్న పాపను వెనకనుంచి "నాగలక్ష్మీ" అని మూడుసార్లు పిలిచింది. పాప తల తిప్పలేదు. జెస్సీ పట్టికలో ఇంటూ పెట్టింది. అది చూసి బెదిరిపోయిన తల్లి నాగజ్యోతి, "అత్తమ్మా, ఇట్ల రా!" అంది. పాప గిర్రున తిరిగి పరుగెత్తుకొచ్చి ఆమె ఒళ్లో పడింది.

"నాగలక్ష్మి అంటే మా అత్త పేరు మేడమ్. ఆ పేరు నా నోటితో ఎట్ల పిలుస్తా? పుట్టినప్పట్నుంచి అత్తమ్మా అనే పిలుస్తాండా."

జెస్సీ ఆ ఇంటూ కొట్టేసింది. అక్కడితో ఊరుకోలేదు. పేరుకు పలకలేదని రాసుకున్న పిల్లలందరినీ, ఇంట్లో పిలిచే పేరు అడిగి మళ్లీ చూడాలంది. జీపు తోలే ఏసన్న వేళ్లమీద ఊర్లు లెక్కపెట్టాడు.

"ముప్పై ఊర్లు మేడమ్! ఒక్క ఇంటూ కోసరమా?"

"ఆ ఇంటూ పడాల్సింది బిడ్డలకు గాదప్పా, నాకు" అంటూ ఆమె చెప్పులు తొడుక్కుంది.