మేనత్త కోసం బయటికొచ్చిన చెట్లు

మా మేనత్త గుడ్రున్ ఉద్యోగం చేసినన్నాళ్లూ క్రిస్మస్ రోజున బస్సు నడిపింది. స్వీడన్ ఉత్తర తీరాన మా ఊరి మీదుగా పోయే దూరపు బస్సు అది. పండగపూట డ్యూటీకి ఎవరూ ఒప్పుకోరు. ఆమె మాత్రం అడిగి మరీ వేయించుకునేది. పండగ చేసుకునే ఏ ఇంట్లోనూ ఆమెకు ఊపిరాడేది కాదు. కొట్టి తెచ్చిన క్రిస్మస్ చెట్టు పడదు, హైసింత్ పూల వాసన పడదు, బాదం పలుకు నోట పెడితే పెదవులు వాచిపోతాయి.

మా అమ్మ ఎల్నాకు ఇదంతా నాటకంలా తోచేది. ఇల్లు అలంకరించడంలో అమ్మను మించినవాళ్లు వీధిలో లేరు. చెట్టు కొన పైకప్పును తాకాలి, ప్రతి కిటికీలో హైసింత్ కుండీ ఉండాలి. అత్త బస్సు ఆపి, కానుకల సంచి గుమ్మంలోనే అందించేది.

“లోపలికొస్తే అరిగిపోతావా?” అనేది అమ్మ.

“బస్సులో జనం కూర్చునున్నారు వదినా.”

“ఎప్పుడూ ఆ జనమేనా అడ్డం! మా ఇల్లు నీ కంటికి ఆనదులే.”

అత్త రిటైరైన ఏడు ఆ సాకు పోయింది. మా నాన్న ఇంగ్వార్ బతిమాలితే రైల్లో బయల్దేరింది. కుక్కల్నీ పిల్లుల్నీ ఎక్కించని పెట్టెలో సీటు తీసుకుంది. దిండు సొంతం, రొట్టె సొంతం. ఇన్‌హేలర్ చలికి మొరాయించకుండా కోటు లోపలి జేబులో దాచుకుంది. ఇంత జాగ్రత్తపడ్డ మనిషికి మా ముందుగదిలో కాఫీ సగం తాగేలోపే ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి. ఇన్‌హేలర్ పీల్చినా పెదవులు నీలంగా మారాయి. నాన్న ఆమెను ఎత్తుకుని బయట మంచులోకి తీసుకుపోయాడు. అమ్మ మేజోళ్లతోనే వెనకాల పరిగెత్తింది. అంబులెన్స్ వెళ్లిపోయాక గుమ్మంలో కూలబడి, “నిజంగానే పడదా దీనికి! ఇన్నేళ్లూ ఎన్ని మాటలన్నాను!” అంది.

అత్త బతికి బయటపడింది. మరుసటి ఏడు డిసెంబరు రాగానే అమ్మ తివాచీలు మంచులో పరిచి దులిపింది, తెరలు ఉతికింది, పూలకుండీలు పంచిపెట్టేసింది. చెట్టును ఇంటి ముందు, కిటికీకి ఎదురుగా మంచులో పాతింది. బకెట్లలో నీళ్లు గడ్డకట్టించి, నడుమ గడ్డకట్టని నీళ్లు పారబోసి, ఆ మంచు గిన్నెల్లో దీపాలు పెట్టింది.

పక్కింటి రాగ్నార్ కంచె మీంచి తొంగిచూశాడు. “ఏం ఎల్నా, చెట్టును ఇంట్లోంచి వెళ్లగొట్టావు?”

“మా ఆడపడుచుకి పడదు.”

“ఎవరు, బస్సు గుడ్రునా? మంచు తుఫానులో మా పిల్లల్ని ఇంటిదాకా దింపిన మనిషి కదా! మా ఇంటికి మాత్రం కాఫీకి రావద్దూ? ఉండు, మాదీ బయటపెడతా.”

మాట ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పాకింది.

పండగనాడు అత్తను స్టేషన్ నుంచి నేనే నడిపించుకొచ్చాను. మధ్యాహ్నం దాటగానే చీకటి పడిపోయింది. వీధి మలుపు తిరిగేసరికి ఇద్దరం ఆగిపోయాం. ప్రతి ఇంటి ముందూ ఒక చెట్టు, దాని చుట్టూ వెలిగే మంచు గిన్నెలు, సముద్రపు ఒడ్డుదాకా. పుట్టి పెరిగిన వీధే నాకు, అయినా కొత్తగా కనిపించింది. అత్త సంచి కింద పెట్టింది.

“ఏమిటే ఇదంతా?”

“నీకోసమే అత్తా.”

చలికి చెంపల మీద కన్నీళ్లు గడ్డకడుతున్నా ఆమె తుడుచుకోలేదు.

గుమ్మంలో ఒక్క క్షణం తటపటాయించి, లోపల అడుగుపెట్టింది. బల్ల దగ్గర అమ్మ తన పళ్లెం మాట మరిచి అత్త ఛాతీ వంకే చూస్తోంది.

“అలా చూడకు వదినా, ముద్ద దిగట్లేదు.”

“నువ్వు ఊపిరి పీల్చు. చూడటం నా పని.”

పొద్దున నాన్న అత్త పడుకున్న గది తలుపుకి చెవి ఆనించి విని, మునివేళ్ల మీద దిగొచ్చాడు.

“ఎలా ఉంది?” అంది అమ్మ గాభరాగా.

“గురక పెడుతోంది.”

అమ్మ పొయ్యి వైపు తిరిగి కళ్లు ఒత్తుకుంది. “పెట్టనీ,” అంది. “ఎవరూ లేపకండి.”