నా సాంబారు మీద రెఫరెండం

ఇరవై మూడేళ్ళ వయసులో మనిషికి ఏది కొత్తగా తెలిస్తే అదే లోకాన్ని ఉద్ధరించే మార్గంలా కనిపిస్తుంది. ఆ రోజుల్లో నాకు స్విట్జర్లాండ్ పిచ్చి పట్టుకుంది. అమెరికాలో, ఇర్వింగ్ అనే ఊళ్ళో నలుగురం ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉండి ఎమ్మెస్ చదివేవాళ్ళం. ప్రాజెక్ట్‌లో నాతో పనిచేసే స్విస్ అమ్మాయి, వాళ్ళ దేశంలో ఏడాదికి మూడు నాలుగుసార్లు జనమే చట్టాల మీద ఓటేస్తారనీ, ముందుగా రెండు వైపుల వాదనలూ అచ్చువేసి ఇంటింటికీ పంపుతారనీ చెప్పింది. (ఆ అమ్మాయి ఏం చెప్పినా నోరు తెరుచుకుని వినేవాణ్ణి, అది వేరే సంగతి.)

ఇంట్లో వంట వంతులవారీగా. ఆదివారం నాది. వంటంటే నాకు బద్ధకం, నా సాంబారంటే మిగతావాళ్ళకి హడల్. ఇంకేం, 'నన్ను వంట నుంచి తప్పించాలా, వద్దా?' అని రెఫరెండం ప్రకటించాను. స్విస్ పద్ధతిలో కరపత్రం రాసి ఫ్రిజ్‌కి అంటించాను. 'తప్పించాలి' కింద తొమ్మిది కారణాలు, మాడిన కుక్కర్‌తో సహా. 'వద్దు' కింద రాయడానికి ఎంత ఆలోచించినా ఒక్కటీ తట్టలేదు.

శనివారం పొద్దున్నే రైస్ కుక్కర్ గిన్నెలో చీటీలు వేయమన్నాను. గెలుపు ఖాయం. అంతలో గుంటూరు బావ (ఎవరికీ బావ కాదు, అందరం అలాగే పిలిచేవాళ్ళం) పెన్ను లాక్కుంటూ, "హమ్మయ్య, ఇవాళ్టితో ఆ సాంబారు పీడ విరగడైపోద్దిరా!" అన్నాడు. నెలకో మాట మాట్లాడే మూడోవాడు కూడా పకపకా నవ్వాడు. నాకు చివుక్కుమంది. నా సాంబారుని నేను తిట్టుకోవచ్చు గానీ, వీళ్ళెవరండీ? రోషం పొడుచుకొచ్చి, చేతిరాత దొరక్కుండా ఎడంచేత్తో 'వద్దు' అని గీకి గిన్నెలో పడేశాను.

మూడు 'తప్పించాలి', ఒకటి 'వద్దు'.

"ఎవర్రా ఈ మహానుభావుడు?" అంటూ బావ ఆ చీటీ పట్టుకుని అందరి మొహాలూ పరీక్షించాడు. నేను సీలింగ్ వైపు చూస్తూ కూర్చున్నాను.

"నేనే ఏసిన," అన్నాడు పెద్దన్న. వరంగల్ మనిషి, మా అందరికన్నా మూడేళ్ళు పెద్ద. "ఏందిరా అట్ల జూస్తున్నరు? వీని సాంబార్ మస్తుంటది. మీకు నాలుక లేకపోతే నేనేం జెయ్యాలె?"

ఆ చీటీ నాదైనప్పుడు ఆయనది ఎలా అవుతుంది? నా మొహం వాడిపోవడం ఆయనొక్కడే చూసినట్టున్నాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. నిజం చెబుదామా అంటే నా పరువే పోతుంది.

అలా వంట తప్పింది. కానీ కృతజ్ఞత అనేదొకటుంటుంది కదా! డిగ్రీ చేతికొచ్చేదాకా ప్రతి ఆదివారం పెద్దన్న ఒక్కడి కోసం చిన్న గిన్నెలో సాంబారు కాచాను. ఓటు అబద్ధమైనా మెచ్చుకోలు నిజమేననుకున్నాను, ఆ వయసలాంటిది. ఆయన గిన్నె ఖాళీ చేసి, "మస్తుందిరా తమ్మీ" అనేవాడు. ప్రతి ముద్దా మింగేముందు ఒక్క క్షణం కళ్ళు మూసుకునేవాడు. రుచిని ఆస్వాదిస్తున్నాడనుకునేవాణ్ణి, వెర్రివాణ్ణి.