ఆపరేటరమ్మ ఇంటర్న్‌షిప్

మా పేపరుకి ఇంటర్న్ కావాలని ప్రకటన వేసినప్పుడు వయసు రాయడం మరిచిపోయారు. ఆ ప్రకటనని పేజీలో పెట్టింది నేనే కాబట్టి తప్పు నాదేనంటాడు మా ఎడిటర్. కావచ్చు. పద్దెనిమిదేళ్లుగా ఈ నాలుగు పేజీలూ పేర్చేది నేనే, ఊళ్లో ఎవరు తప్పు చేసినా చివరికది నా బల్లమీదికే చేరుతుంది. ఏమైతేనేం, దరఖాస్తు ఒక్కటే వచ్చింది. పెట్టినావిడకి అరవై ఒకటి.

ఆవిడ అసలు పేరు చెప్తే మా ఊళ్లో ఎవరికీ తెలియదు. ఆపరేటరమ్మ అంటే పసిపిల్లలు కూడా ఇల్లు చూపిస్తారు. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ముప్పై ఏళ్లు కూర్చుని ఊరందరి ఫోన్లూ చేత్తో కలిపింది. కొండమీద ఊరు మాది, ఏ కొత్త యంత్రమైనా అందరి దగ్గరా పాతబడ్డాకే మా దాకా ఎక్కి వస్తుంది. చివరికి నంబరు తిప్పితే దానంతటదే కలిసే యంత్రం మాకూ వచ్చింది, ఆవిడ ఇంటికెళ్లింది. "చెవులు ఊరికే పడున్నాయి బాబూ" అంది ఇంటర్వ్యూలో. బాబుకి ఇరవై తొమ్మిదేళ్లు, ఎడిటరై అప్పటికి ఏడు నెలలు. ఆ జవాబుకి ఏమనాలో తెలియక రేపటినుంచి రమ్మన్నాడు.

నాకు నచ్చలేదు. ఇంటర్న్ అంటే అటూ ఇటూ పరిగెత్తాలి, మెట్లెక్కాలి, నేను కసురుకుంటే పడాలి. ఈవిడని కసరడమెలా? మొదటిరోజు వస్తూనే ఆఫీసు ఫోను తీసి కొంగుతో శుభ్రంగా తుడిచి, తనకి అందేటట్టు పెట్టుకుంది. కుర్చీ లేదంటే మూలనున్న స్టూలు మీంచి పాత పేపర్ల కట్టలు దించి దాన్ని లాక్కుంది. మూడోరోజు ఇంటినుంచి దిండు తెచ్చుకుంది. వారం తిరిగేసరికి ఫోనెత్తి, అవతలివాళ్లు నోరు తెరవకముందే "ఏం రాముడూ, మీ వీధికి మళ్లీ పేపరు రాలేదా" అన్నట్టు పలకరించడం మొదలుపెట్టింది. ఊపిరి పీల్చడం వింటే చాలు, ఎవరో తెలిసిపోతుందట. ఫిర్యాదులు సగం తగ్గాయి. నేను అక్కయ్యగారూ అనడం మొదలుపెట్టాను, ఎప్పటినుంచో నాకే గుర్తులేదు.

చిక్కల్లా ఆవిడ రాసే వార్తలతోనే. లైన్లో విన్నది బయట అనకూడదని ఉద్యోగంలో చేరినరోజు ప్రమాణం చేయించారట. మా ఊళ్లో ఎవరి నోట్లోనూ నువ్వుగింజ నానదు, ఆవిడ నోట్లో మాత్రం బస్తాడు నానబెట్టుకోవచ్చు. ఆవిడ మొదటి వార్త ఇది: "నిన్న ఒక వీధిలో ఒకరింట్లో దొంగతనం జరిగింది. ఏం పోయాయో వారికి తెలుసు."

"ఎవరిల్లు మేడమ్?" అన్నాడు ఎడిటర్.

"ఆ ఇంట్లోవాళ్లకి తెలుసుగా బాబూ."

"చదివేవాళ్లకి తెలియొద్దా?"

"వాళ్లకెందుకు?"

ఎడిటర్‌కి జర్నలిజం కాలేజీలో ఆ ప్రశ్నకి జవాబు చెప్పినట్టు లేదు. మునిసిపల్ సమావేశానికి పంపితే "సభ్యులు మాట్లాడుకున్నారు. ఇద్దరు కొంచెం గట్టిగా మాట్లాడారు" అని రాసుకొచ్చింది. మిగిలిన జాగాలో నేను మబ్బుల ఫోటో పెట్టాను. బాగుందని ఎవరో ఉత్తరం కూడా రాశారు.

అయిదో నెలలో ఎడిటర్ కుండబద్దలు కొట్టాడు. నెలాఖరులోగా ఒక్క వార్త, ఎవరు ఎక్కడ ఏం చేశారో స్పష్టంగా ఉన్నది, ఆవిడ పేరుతో రావాలి. లేకపోతే ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్టు చేతిలో పెట్టి నమస్కారం పెడతానన్నాడు. ఆవిడ సరేనంది. మూడు వారాల్లో వానలు మొదలవుతాయి, ఆ రోజు కిటికీలోంచి చూస్తే కొండ అప్పటికే నల్లగా ఉంది. ఆవిడ చాలాసేపు అటే చూస్తూ కూర్చుంది.

మర్నాడు పొద్దున ఆ కిటికీ తెర కడ్డీ ఊడదీసి పట్టుకెళ్లిపోయింది. ఎందుకో చెప్పలేదు. రోజంతా ఎండ నా కంప్యూటర్ తెరమీదే పడింది, నేను పేజీని వాసన చూసి పేర్చాల్సి వచ్చింది. నాలుగింటికి చీర అంచంతా మట్టి చేసుకుని వచ్చి, నోటుబుక్కు చూసి ఒక వార్త రాసి నా ముందు పెట్టింది.

మా ఊరి బడి కొండ వాలు కింద ఉంటుంది. మట్టి జారకుండా వెనకాల రాతితో అడ్డుగోడ కట్టారు. కొండలోకి ఇంకిన వాన నీళ్లు బయటికి రావడానికి గోడలో గొట్టాలు పెట్టాలి, అవి గోడకి అవతల మట్టి దాకా పోవాలి. లేకపోతే నీళ్లు వెనకే నిలిచి ఏదో ఒక వానకి గోడని బడిమీదికి తోసేస్తాయి. ఆపరేటరమ్మ ఒక్కో గొట్టంలోకీ కడ్డీ దూర్చి చూసింది. మొత్తం అరవై నాలుగు. అరవై రెండింట్లో కడ్డీ జానెడు లోపలికెళ్లి రాయికి తగిలి ఆగిపోయింది. పైకి కనబడటానికి గొట్టం ముక్కలు అతికించారంతే. మిగతా రెండింట్లో పిట్టలు గూళ్లు పెట్టుకున్నాయి, వాటిని తను కదపలేదని కూడా రాసింది. గోడ మధ్యలో బెత్తెడు ముందుకి ఉబ్బింది. కట్టిన కాంట్రాక్టరెవరో, ఏ ఏడాది కట్టాడో, అన్నీ ఉన్నాయి.

గోడకి దగ్గరగా ఉన్నది నాలుగో తరగతి గది. మా అమ్మాయి ఆ గదిలో కిటికీ పక్కన కూర్చుంటుంది.

"గొట్టాల్లో కడ్డీ పెట్టి చూడాలని మీకెలా తట్టింది అక్కయ్యగారూ?" అన్నాను.

ఆవిడ దిండు సర్దుకుంది. "కట్టేటప్పుడు కాంట్రాక్టరు, గోడ తనిఖీ చేసే మన జూనియర్ ఇంజనీరుకి ఫోన్ చేశాడు. గొట్టాలు పైకి కనిపిస్తే చాలు, సంతకం పెట్టెయ్యమన్నాడు. లైను సరిగ్గా కలవలేదేమోనని చెవి పెడితే ఆ మాట వినబడింది. ఆయన పెడతానన్నాడు."

"ఎప్పటి మాట?"

"పదకొండేళ్లయింది."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అయిదు నెలలుగా ఈవిడ నా ఎదురుగా కూర్చుని మా పిల్ల మార్కులడిగింది, జలుబు చేస్తే కషాయం చెప్పింది. "తెలిసీ ఊరుకున్నారా?" అన్నాను. గొంతు పెద్దదైంది, లోపల్నుంచి ఎడిటర్ వచ్చి నిలబడ్డాడు.

"ఊరుకోవడమే నా ఉద్యోగం తమ్ముడూ" అంది. తర్వాత, "ఆ మాట నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. చెప్పుకుంటే నిద్రపట్టేది" అంది.

కాగితం వెనక్కి తీసుకుని చివర ఒక వాక్యం కలిపింది: "గోడ ఇలా కట్టారని ఈ విలేఖరికి పదకొండేళ్లుగా తెలుసు."

ఆ వాక్యం తీసేద్దామన్నాడు ఎడిటర్. కొలతలు చాలు, దీంతో ఊరంతా మీ మీద పడుతుంది, కొరివితో తల గోక్కోవడమెందుకన్నాడు. ఆవిడ మంచి కోరే అన్నాడు. ఆవిడ నావంక చూసింది. పేజీ నాది. నా కోపం చల్లారలేదు, అయినా ఆ వాక్యం మీద చెయ్యి వేయబుద్ధి కాలేదు. అలాగే ఉంచి ప్రెస్సుకి పంపాను.

మర్నాడు శుక్రవారం, పేపరు చూసి పొద్దున్నే బడికి రెండు రోజులు సెలవిచ్చారు. గోడ బ్రహ్మాండంగా ఉందని, ముసలావిడ కడ్డీ పట్టుకుని చూడటం ఇంజనీరింగు కాదని కాంట్రాక్టరు ప్రకటన చేశాడు. అధికారులు కాగితాలు తీస్తే అందులో అన్నీ సవ్యంగానే ఉన్నాయి, సంతకంతో సహా. గోడ నిజంగా ఎలా కట్టారో తెలిసినవాళ్లు ఎవరో ఒకరు రాసివ్వకపోతే సోమవారం నుంచి పిల్లలు మళ్లీ అదే గదిలో కూర్చోవాలి. ఊళ్లో గోడ సంగతి అడిగినవాళ్లు తక్కువ. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఒక్కొక్కరే ఆఫీసుకొచ్చి "అమ్మా, మా ఫోన్లు కూడా వినేవారా?" అని అడిగి వెళ్లారు. కిరాణా కొట్టాయన రెండుసార్లు వచ్చాడు. వినలేదని ఒక్క మాటంటే పోయేది, ఆవిడ అనలేదు. ఆ రెండు రోజులూ నేను ఆవిడతో మాట్లాడలేదు. మా అమ్మాయి మాత్రం సెలవు ఎందుకిచ్చారో తెలియక సంతోషంగా ఉంది.

శనివారం మధ్యాహ్నం అప్పటి జూనియర్ ఇంజనీరు వచ్చాడు. రిటైరయ్యాక మోకాళ్లు పోయాయి, మా పదిహేను మెట్లూ ఎక్కడానికి చాలాసేపు పట్టింది. అన్నీ రాసిస్తానన్నాడు. ఆయన రాసిచ్చిన కాగితం వల్లే గోడ పడగొట్టే పని వానలకి ముందు మొదలైంది, అది తర్వాతి సంగతి. వచ్చినప్పుడు మాత్రం ఆయన నిలబడే ఉన్నాడు.

"ఆ రోజు మీరు లైన్లో ఉన్నారని నాకు తెలుసమ్మా. దగ్గారు" అన్నాడు.

"జలుబు చేసింది" అంది ఆవిడ.

"మీకు వినబడాలనే, గొట్టాలు మట్టి దాకా పోవన్నమాట అని ఇంకోసారి గట్టిగా అన్నాను. పైవాళ్లకి ఎదురుచెప్పే ధైర్యం నాకు లేకపోయింది. మీరైనా ఎవరితోనో ఒకరితో అంటారనుకున్నాను."

"నేను మీరు చెప్తారనుకున్నాను" అంది. "ఇంజనీరు మీరు కదా."

ఎడిటర్ తన కుర్చీ తెచ్చి వేశాడు. ఆయన కూర్చుని చేతికర్ర మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు. పదకొండేళ్లలో ఆ గదిలో ఎంతమంది పిల్లలు కూర్చుని ఉంటారని అడిగాడు. ఎవరినీ అడిగినట్టు లేదు, ఊరికే అన్నట్టుంది.

"నాలుగువందల పన్నెండు" అంది ఆపరేటరమ్మ.

నేను తిరిగి చూశాను. ఆవిడ నోటుబుక్కు తెరవలేదు.

"ఏటా బడి తెరిచినరోజు గేటు దగ్గర నిలబడి నాలుగో తరగతి పిల్లల్ని లెక్కపెట్టేదాన్ని" అంది.

ఆయన చేతికర్ర బల్లకి ఆనించాడు. తర్వాత చెప్పడం మొదలుపెట్టాడు, ఆవిడ రాసుకుంది.