పెద్దబాపు చేతి బెల్లం

జ్యోతిరాణి బెల్లం తినదు. ఇరవై ఎనిమిదేళ్లుగా నోట పెట్టలేదు. బోధన్ పక్కన చెరుకు పండించే ఇంట్లో పుట్టి బెల్లం ముట్టని పిల్ల ఏమిటని చుట్టాలందరికీ అదో వేళాకోళం. "టౌనుకు పోయినంక చక్కెర మరిగినవా పిల్లా?" అని పెళ్లిళ్లలో ఆటపట్టిస్తారు. నవ్వండి, బాగా నవ్వండి! ఎందుకు తినవని ఒక్కరైనా అడిగారా? అడగరు. అడిగితే వినాల్సి వస్తుంది కదా.

వినాల్సింది ఇదీ. ఆమెకు అప్పుడు ఎనిమిదేళ్లు. తండ్రికి అన్న అయిన ఆత్మారాం, అంటే పెద్దబాపు, ఇంటికి పెద్ద, చేనులో బెల్లం గానుగ ఆడించేవాడు. మధ్యాహ్నం ఆయనకు సద్ది మోసుకెళ్లడం జ్యోతిరాణి పని. పెద్దబాపు వేడి వేడి బెల్లం ముద్ద చేతిలో పెట్టి, పిల్లను పాకలోకి పిలిచి తలుపు గొళ్లెం పెట్టేవాడు. ఆ పెద్దమనిషి చేసిన పాడుపనికి పేరు కూడా తెలియని వయసు ఆమెది. గానుగ ఆడిన ప్రతిరోజూ అది జరిగేది.

ఒకరోజు తట్టుకోలేక తల్లి గంగుబాయికి చెప్పింది. గంగుబాయి అప్పుడు రొట్టెలు చేస్తోంది. పిండి చేత్తోనే బిడ్డ నోరు మూసింది.

"ఊకో బిడ్డా, ఊకో. మీ బాపుకు తెలిస్తే గొడ్డలి పడతడు. గీ ఇల్లు ఉండదు."

మర్నాటి నుంచి సద్ది గంగుబాయే మోసుకెళ్లింది. అంటే నమ్మిందన్నమాట! బిడ్డ చెప్పింది నిజమని తెలిసే నోరు మూసింది. జ్యోతిరాణి కడుపు మండేది ఇక్కడే. ఆత్మారాం సరే, వాడు దుర్మార్గుడు. కన్న అవ్వకేమైంది? బాపు చనిపోయి ఆరేళ్లయింది. గొడ్డలి పట్టే మనిషి లేకుండా పోయినా ఆ ఇంట్లో ఎవరి నోరూ లేవలేదు.

పెళ్లయి నిజామాబాద్ వచ్చింది. భర్త శేఖర్ ఆటో నడుపుతాడు, ఆమె బీడీలు చుడుతుంది. ఇంట్లో ఎవరు గొళ్లెం వేసినా చేతిలో ఆకు చిరిగిపోయేది. కూతురు అఖిలకు ఎనిమిదో ఏడు వచ్చాక మరీ ఎక్కువైంది. ఎవరైనా ముద్దుగా ఆ పిల్ల బుగ్గ గిల్లితే కయ్యానికి దిగేది. ఒకనాడు ఒళ్లో బీడీల చాట ఉండగానే ఒళ్లంతా వణుకు పట్టుకుంది. పక్కింటి అంజవ్వ ఆమె చెయ్యి పట్టుకుని సర్కారు దవాఖానకు లాక్కుపోయింది.

అక్కడ శ్రీవాణి అని ఒక డాక్టరమ్మ. మందులు తక్కువ, మాటలు ఎక్కువ. మూడుసార్లు వెళ్లి తలనొప్పి గురించే చెప్పి వచ్చింది జ్యోతిరాణి. నాలుగోసారి అసలు సంగతి బయటికి వచ్చింది. చెప్పి, ఏడవలేదు. పళ్లు కొరికింది.

"కోపమొస్తుంది మేడం. చంపాలన్నంత కోపం."

"రానీ అమ్మా. తప్పు చేసింది నువ్వు కాదు. ఇన్నేళ్లూ ఆ కోపమంతా నీ మీదే చూపించుకున్నావు."

ఏడాదిన్నర దవాఖానకు తిరిగింది. మధ్యలో ఒక పూట ధైర్యం చేసి శేఖర్‌కు చెప్పింది. శేఖర్ గొడ్డలి పట్టలేదు. ఇల్లూ కూలలేదు. లేచి చాయ్ పెట్టి ఇచ్చాడు. దీనికా ఇన్నేళ్లు భయపెట్టారు! అనుకుంది జ్యోతిరాణి.

ఈ ఎండాకాలం పుట్టింటివాళ్లు ఒడి బియ్యం పోస్తామన్నారు. పెళ్లయిన ఆడబిడ్డను పిలిచి, పీట మీద కూర్చోబెట్టి, పసుపు కలిపిన బియ్యం కొంగులో పోసే వేడుక అది. చెరుకు ఇల్లు కనుక వాళ్లింట్లో బియ్యం కన్నా ముందు బెల్లం ముద్ద పడాలి. అది ఇంటి పెద్ద చేతి మీదుగా పడాలి. ఇంతకు ముందు మూడుసార్లు కళ్లు మూసుకుని ఆ మనిషి ముందు కొంగు పట్టింది. ఈసారి తల్లికి ఫోన్ చేసింది.

"అవ్వా, గాయన పెట్టద్దు. తమ్ముడు పెడతడు."

"గా ముచ్చట ఇంకా పట్టుకున్నవా? ముసలోడైండు. నలుగురిల ఇజ్జత్ తియ్యకు బిడ్డా."

అయినా వెళ్లింది. ఇన్నిసార్లు పట్టిన కొంగు ఈసారి పట్టకూడదని గట్టిగా అనుకునే వెళ్లింది. తీరా పీట మీద కూర్చుని, చుట్టూ ఆడవాళ్లు, పళ్లెంలో పసుపు బియ్యం, ఎండు కొబ్బరి కుడకలు చూసేసరికి అలవాటుకొద్దీ చేతులు కొంగు పరిచేశాయి. తన చేతుల మీద తనకే అసహ్యం వేసింది. గంగుబాయి విధవరాలని వెనక గోడవారగా కూర్చుంది.

ఆత్మారాం బెల్లం ముద్దతో వచ్చాడు. పక్కనే ఉన్న అఖిలను చూసి నవ్వాడు.

"గీ పిల్లను సెలవుల్ల ఈడనే ఉంచు జ్యోతీ. తాతకు సద్ది తెస్తది."

జ్యోతిరాణి తల్లి వైపు చూసింది. గంగుబాయి తల వంచుకుంది.

కొంగు ఒక్క గుంజు గుంజి లేచి నిలబడింది జ్యోతిరాణి. బెల్లం ముద్ద నేల మీద పడి పగిలింది. ఆడవాళ్లు అయ్యయ్యో అన్నారు.

"గిదే బెల్లం ఇచ్చి నన్ను పాకలకు పిలిచినవు. ఎనిమిదేండ్ల పిల్లను! గొళ్లెం పెట్టి నా ఒంటి మీద చెయ్యేసినవు. ఇప్పుడు నా బిడ్డ కావాల్నా నీకు?"

"దవాఖాన గోలీలు నెత్తికెక్కినయి దీనికి," అన్నాడు ఆత్మారాం.

తమ్ముడు నరేష్ చెయ్యి పట్టుకున్నాడు. "అక్కా, అందరున్నరు. ఊకో."

"నువ్వు ఊకోరా!"

అరిచింది జ్యోతిరాణి కాదు, గంగుబాయి. గోడ పట్టుకుని లేచింది.

"అది చెప్పేది నిజం. గప్పుడే నాకు చెప్పింది. నేనే నోరు మూసిన."

గంగుబాయి బిడ్డ దగ్గరకు వచ్చి చేతులు చాచింది. జ్యోతిరాణి ఆ చేతుల్లోకి వెళ్లలేదు. అంత తేలిగ్గా ఎలా వెళుతుంది?

"గీ మాట ఇరవై ఎనిమిదేండ్ల కింద అనేదుండె అవ్వా. ఏడ్సుడు తర్వాత. ముందుగాల నా కళ్ల ముందు గాయనను గడప దాటియ్యి."

గంగుబాయి కళ్లు తుడుచుకుంది. మూలన ఉన్న ఆత్మారాం చెప్పులు రెండూ చేత్తో పట్టుకెళ్లి వాకిట్లోకి విసిరేసింది. జ్యోతిరాణి కొంగు నడుముకు దోపుకుని, ఆయన వాటిలో కాళ్లు పెట్టేదాకా నిలబడి చూసింది.